కిడ్నీలని నీళ్ళతో కడగలేం: ఐదు లీటర్ల సలహా గురించి, ఒక నొప్పి మాత్ర గురించి

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. నా ఉద్యోగంలో ఎక్కువసేపు నిలబడే ఉండాలి, మధ్యలో బాత్రూమ్‌కి వెళ్ళే వీలు తక్కువ. అందుకని పగలంతా కావాలనే నీళ్ళు తక్కువ తాగుతాను, వచ్చినా ఆపుకుంటాను. పొద్దున్నే మూత్రం ముదురు పసుపు రంగులో వస్తోంది. సాయంత్రానికి నడుము లాగేస్తుంది, వారంలో మూడు నాలుగు రోజులు పెయిన్ కిల్లర్ వేసుకుంటే గానీ నిద్ర పట్టదు. ఈ ఏడాదిలో యూరిన్ ఇన్‌ఫెక్షన్ రెండుసార్లు వచ్చింది. కిడ్నీలు పాడైపోతున్నాయేమోనని టెన్షన్ పడి పరీక్షలు చేయించుకుంటే క్రియాటినిన్ 0.8 వచ్చింది, స్కాన్‌లో అంతా బాగానే ఉందన్నారు. మా ఫ్రెండ్ మాత్రం రోజుకు ఐదు లీటర్ల నీళ్ళు తాగితేనే కిడ్నీలు శుభ్రపడతాయంటోంది. మా అమ్మకు 62 ఏళ్ళు, చాలా ఏళ్ళుగా షుగర్ ఉంది, ఆమె క్రియాటినిన్ 1.2. కొంచెమే ఎక్కువ కాబట్టి పర్వాలేదనుకుంటున్నాం. ఇద్దరం ఐదు లీటర్లు మొదలుపెట్టమంటారా? అసలు మూత్రం లోపల ఎలా తయారవుతుందో కూడా అర్థమయ్యేలా చెప్పండి.

సమాధానం: వద్దు, ఇద్దరూ మొదలుపెట్టకండి. ముఖ్యంగా మీ అమ్మగారు. మీ ఉత్తరంలో మీరు భయపడుతున్న చోట, అంటే పొద్దున కనిపించే ఆ రంగు దగ్గర, నాకు పెద్దగా భయం కనిపించలేదు గానీ, మీరు మాటవరసకి రాసేసి ముందుకు వెళ్ళిపోయిన రెండు విషయాల దగ్గర మాత్రం ఆగిపోయాను. ఒకటి ఆ పెయిన్ కిల్లర్, రెండోది అమ్మగారి 1.2. వాటి దగ్గరికి వస్తాను. ముందు మీరడిగినట్టు లోపలి సంగతి చెప్తాను, అది తెలిస్తే ఐదు లీటర్ల మాట ఎంతవరకు నిజమో మీకే తెలిసిపోతుంది.

కిడ్నీలు కడుపులో ముందువైపు ఉండవు, వీపువైపు, వెన్నెముకకి చెరో పక్కన, పైభాగం చివరి పక్కటెముకల చాటున ఉండేలా ఉంటాయి. కుడి కిడ్నీ పైన లివర్ ఉంటుంది కాబట్టి అది ఎడమదానికన్నా కాస్త దిగువన ఉంటుంది. ఒక్కోటి 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవు, బరువు సుమారు 150 గ్రాములు. రెండూ కలిపితే మన ఒంటి బరువులో అరశాతం కూడా ఉండవు, కానీ గుండె నిమిషంలో పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు, అంటే లీటరుకి అటూ ఇటూగా, వీటి గుండానే పోతుంది. ఆ రక్తమంతా కిడ్నీలు బతకడానికి అక్కర్లేదు, అది అక్కడికి వచ్చేది సరిచూసుకుని పోవడానికి.

ఆ సరిచూసే పని చేసేది నెఫ్రాన్. ఒక్కో కిడ్నీలో సగటున పది లక్షల దాకా ఉంటాయి, మనిషికీ మనిషికీ ఈ లెక్కలో చాలా తేడా ఉంటుంది, పుట్టాక మాత్రం కొత్తవి పుట్టవు, ఉన్నవాటితోనే జీవితమంతా నెట్టుకురావాలి. ఒక నెఫ్రాన్‌ని దగ్గరగా చూద్దాం. సన్నని రక్తనాళం ఒకటి లోపలికి వస్తుంది, వచ్చి ఇంకా సన్నని పాయలుగా చీలి చిన్న ఉండలా చుట్టుకుంటుంది, మళ్ళీ ఆ పాయలన్నీ కలిసి ఇంకో సన్నని నాళంగా బయటికి వెళ్ళిపోతాయి. ఆ ఉండ పేరు గ్లోమెరులస్. మార్చెల్లో మాల్పీజీ అనే ఇటలీ శాస్త్రవేత్త 1666లోనే మైక్రోస్కోప్ కింద ఈ ఉండల్ని చూసి రాశాడు, ఆ ఉండ చుట్టూ ఉన్న గిన్నెలాంటి పొర ఒక సన్నని గొట్టంగా కొనసాగుతుందని 1842లో విలియం బౌమన్ వివరంగా చూపించాడు. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది: ఉండలోకి వచ్చే నాళమూ, బయటికి పోయే నాళమూ రెండూ కాస్త బిగుసుకోగలవు, వదులు కాగలవు. వచ్చేది వదులైతే ఉండలో ఒత్తిడి పెరుగుతుంది, వచ్చేది బిగుసుకుంటే తగ్గిపోతుంది. మీ పెయిన్ కిల్లర్ చెయ్యి పెట్టేది సరిగ్గా ఈ వచ్చే నాళం మీదే.

ఆ ఒత్తిడికి రక్తంలోని నీళ్ళు, ఉప్పు, గ్లూకోజ్, యూరియా, క్రియాటినిన్ లాంటి చిన్నవన్నీ ఉండ గోడల్లోంచి గిన్నెలోకి దిగుతాయి. రక్తకణాలు, అల్బుమిన్ లాంటి పెద్ద ప్రోటీన్లు రక్తంలోనే ఉండిపోతాయి. ఇలా వడకట్టి దిగే ద్రవం రెండు కిడ్నీల్లో కలిపి నిమిషానికి 125 మిల్లీలీటర్లు, రోజుకు 180 లీటర్లు. మన ఒంట్లో రక్తకణాలు తీసేస్తే మిగిలే ప్లాస్మా మొత్తం మూడు లీటర్లే, అంటే అదే ప్లాస్మా రోజుకు 60 సార్లు వడపోతకి వెళ్ళొస్తోందన్నమాట. మరి మనం విసర్జించేది? లీటరున్నర, అటూ ఇటూగా.

మిగతా 178 లీటర్లు ఎక్కడికి పోయాయంటే, తిరిగి రక్తంలోకే వెళ్ళిపోయాయి. చాలామంది కిడ్నీ అంటే చెడుని ఏరి బయట పారేసే యంత్రం అనుకుంటారు. అది పనిచేసే తీరు దాదాపు తిరగబడి ఉంటుంది. బీరువా సర్దేటప్పుడు ఒక్కో పనికిరానిదాన్నీ వెతికి తీసే బదులు, సామానంతా బయట కుమ్మరించేసి, కావలసినవి మాత్రమే మళ్ళీ లోపల పెట్టుకుని, మిగిలింది పారేస్తాం చూడండి, కిడ్నీది ఆ పద్ధతి. ఈ పద్ధతిలో ఉన్న గొప్పదనం ఏమిటంటే, ఇంతకుముందు ఒంటికి తెలియని కొత్త పదార్థం ఏదైనా రక్తంలోకి వచ్చినా, దాన్ని ప్రత్యేకంగా గుర్తుపట్టాల్సిన పనే లేదు, చిన్నదైతే చాలు వడపోతలో దిగిపోతుంది, ఎవరూ తిరిగి తీసుకోరు కాబట్టి పోతుంది.

ఆ తిరిగి తీసుకోవడమంతా గిన్నె తర్వాత ఉండే పొడవాటి గొట్టంలో జరుగుతుంది. మొదటి మెలికల భాగంలోనే నీళ్ళూ సోడియమూ మూడింట రెండొంతులు వెనక్కి వెళ్ళిపోతాయి, గ్లూకోజ్ అయితే ఆరోగ్యవంతుల్లో దాదాపు మొత్తం. రక్తంలో గ్లూకోజ్ 180 దాటితే మాత్రం ఇక్కడున్న రవాణా ప్రోటీన్లకి చేతనవక కొంత మూత్రంలోకి జారిపోతుంది, షుగర్ బాగా పెరిగినప్పుడు మూత్రం ఎక్కువసార్లు రావడానికి కారణం అదే, గ్లూకోజ్ తనతో నీళ్ళని కూడా లాక్కుపోతుంది. తర్వాత గొట్టం కిడ్నీ లోపలి భాగంలోకి లోతుగా దిగి, యూ ఆకారంలో మలుపు తిరిగి మళ్ళీ పైకి వస్తుంది, దీన్ని హెన్లీ లూప్ అంటారు. ఈ లూప్ చేసే పని ఎంత చెప్పినా తక్కువే. పైకొచ్చే పాయలోంచి ఉప్పుని బయటికి తోడిపోస్తూ పోస్తూ కిడ్నీ లోపలి భాగాన్ని రక్తం కన్నా నాలుగు రెట్లు చిక్కగా చేసి పెడుతుంది. చివరి గొట్టాలు బయటికి పోయేటప్పుడు ఈ చిక్కటి ప్రాంతం గుండానే పోవాలి. అక్కడ ఆ గొట్టం గోడలకి నీళ్ళు పోయే దారులు తెరిస్తే, నీళ్ళు చిక్కటి వైపుకి లాగేసుకోబడి రక్తంలోకి వెళ్ళిపోతాయి, మూత్రం చిక్కబడుతుంది. దారులు మూసేస్తే నీళ్ళు గొట్టంలోనే ఉండి పల్చగా బయటికి పోతాయి.

ఆ దారులు తెరవమని చెప్పేది మెదడు నుంచి వచ్చే ఏడీహెచ్ అనే హార్మోన్. రక్తం కొద్దిగా చిక్కబడినా మెదడు పసిగట్టి దాహం పుట్టిస్తుంది, ఏడీహెచ్‌ని వదులుతుంది. రాత్రంతా మీరేమీ తాగరు కదా, కిడ్నీ నీళ్ళని పొదుపు చేస్తుంది, పొద్దున మూత్రం ముదురు పసుపుగా వస్తుంది. అదే పసుపు పదార్థం తక్కువ నీళ్ళలో కలిసింది, అంతే. నిజానికి రాత్రి ఉపవాసం తర్వాత కూడా మూత్రం నీళ్ళలా పల్చగా వస్తుంటేనే అనుమానించాలి, కిడ్నీకి చిక్కబరిచే శక్తి తగ్గిందేమో అని. మీ కిడ్నీలు ఆ పని చక్కగా చేస్తున్నాయి. పగలు కూడా అంతే ముదురుగా ఉంటే అది నీళ్ళు చాలడం లేదనే కబురు, దాని గురించి కింద చెప్తాను.

ఇప్పుడు ఐదు లీటర్లు. మీరు అదనంగా రెండు మూడు లీటర్లు తాగారనుకోండి, రక్తం కొంచెం పల్చబడుతుంది, ఏడీహెచ్ తగ్గుతుంది, చివరి గొట్టాల్లో దారులు మూసుకుంటాయి, ఆ అదనపు నీళ్ళు మూత్రంగా పోతాయి. యూరియా, క్రియాటినిన్ రోజుకి ఎంత తయారవుతాయో దాదాపు అంతే పోతాయి, ఎక్కువ నీళ్ళలో కలిసి పోతాయి, తేడా అదొక్కటే. గొట్టాల లోపల పేరుకున్న మురికేదో కొట్టుకుపోవడానికి అక్కడ మురికి లేదు. రోజూ పుట్టే వ్యర్థాలు బయటికి పోవాలంటే కిడ్నీ ఎంత చిక్కబరిచినా కనీసం అర లీటరు మూత్రం కావాలి, అంతకన్నా తగ్గితే వ్యర్థాలు వెనక్కి ఉండిపోతాయి, ఆ హద్దుకి పైన వ్యర్థాలు పోవడానికి సరిపడా నీళ్ళు ఉన్నట్టే. 2018లో కెనడాలో కిడ్నీ జబ్బు మధ్య దశలో ఉన్న 600 మందికి పైగా రోగులని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపు చేత రోజూ మామూలుకన్నా ఎక్కువ నీళ్ళు తాగించి ఏడాది పాటు గమనించిన పరిశోధన ఒకటి వచ్చింది. ఎక్కువ తాగినవాళ్ళ కిడ్నీలు మిగతావాళ్ళ కన్నా చెప్పుకోదగ్గంత మెరుగ్గా ఏమీ లేవు. మీ ఫ్రెండ్ మంచి మనసుతోనే చెప్పారు గానీ ఆ మాటకి ఆధారం లేదు.

పైగా కిడ్నీ నీళ్ళని బయటికి పంపే వేగానికి ఒక హద్దుంది, ఎంత ఆరోగ్యంగా ఉన్నా గంటకి సుమారు లీటరు. ‘ఈ రోజు కోటా పూర్తి చెయ్యాలి’ అని సాయంత్రం పూట గబగబా రెండు మూడు లీటర్లు పట్టించేవాళ్ళు ఉంటారు, అలా చేస్తే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, తికమక, మరీ ముదిరితే ఫిట్స్ దాకా వెళ్తుంది. కిడ్నీ జబ్బో, గుండె బలహీనతో ఉన్నవాళ్ళలో అయితే ఆ హద్దు ఇంకా కిందికి దిగుతుంది, కాళ్ళు వాచడం, ఆయాసం రావడం జరుగుతుంది. మీ అమ్మగారిని ముందే వారించింది అందుకే.

అలాగని మీరు ఇప్పుడు తాగుతున్నట్టే తాగండి అనడం లేదు. మీకు నీళ్ళు కావాలి, కానీ కిడ్నీ కోసం కన్నా కింద ఉన్న భాగాల కోసం. కిడ్నీలో తయారైన మూత్రం యురేటర్లు అనే రెండు సన్నని గొట్టాల్లో దిగుతుంది, ఒక్కోటి 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవు, లోపలి దారి కొన్ని మిల్లీమీటర్లే. దిగుతుంది అన్నాను గానీ దానంతటది జారిపోదు, గొట్టం గోడల్లోని కండరాలు నిమిషానికి కొన్నిసార్లు అలలా ముడుచుకుంటూ కొంచెం కొంచెంగా కిందికి తోస్తుంటాయి, అందుకే మనం పడుకున్నా మూత్రాశయం నిండుతూనే ఉంటుంది. కిడ్నీలో రాయి ఈ గొట్టంలోకి దిగి ఇరుక్కున్నప్పుడు ఆ అలలే దానిమీద బలంగా పిండుతాయి, ఒకచోట కూర్చోనివ్వని, కెరటాల్లా వచ్చిపోయే ఆ భయంకరమైన నొప్పి అదే. యురేటర్లు మూత్రాశయం గోడలోకి నిటారుగా కాకుండా ఏటవాలుగా దూరతాయి, మూత్రాశయం నిండేకొద్దీ గోడ ఒత్తుకుని ఆ దారి మూసుకుంటుంది, అందువల్ల మూత్రం పైకి కిడ్నీల వైపు ఎగదన్నదు. అప్పుడప్పుడు ఆపుకోవడం వల్ల కిడ్నీలు పాడైపోవు అని ధైర్యంగా చెప్పడానికి ఈ చిన్న ఏర్పాటే కారణం.

మూత్రాశయం 400 నుంచి 500 మిల్లీలీటర్లు పడుతుంది. 150, 200 దగ్గర మొదటి కబురు వస్తుంది, ‘వెళ్తే బాగుండు’ అన్నంత. అది పట్టించుకోకపోతే కాసేపటికి సద్దుమణిగి, మళ్ళీ ఇంకా గట్టిగా వస్తుంది. గోడల్లోని కండరం ముడుచుకోవాలి, అదే సమయంలో కింద ద్వారం దగ్గరి కండరాలు వదులవ్వాలి, ఈ రెండిటినీ కలిపి నడిపే కేంద్రం మెదడు కాండంలో ఉంది, ‘ఇప్పుడు కాదు’ అని చెప్పే అధికారం ముందు మెదడుది. ఎప్పుడో ప్రయాణంలో ఆపుకోవడానికీ, మీలా రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆపుకోవడానికీ తేడా ఉంది. రోజూ మరీ సాగదీస్తూ పోతే కొందరిలో ఆ కండరం బిగువు కోల్పోయి పూర్తిగా ఖాళీ చెయ్యలేని స్థితి వస్తుంది, అడుగున మిగిలిన మూత్రంలో బ్యాక్టీరియా తీరిగ్గా పెరుగుతుంది.

ఆడవాళ్ళకి ఇక్కడ ఇంకో ఇబ్బంది. మూత్రాశయం నుంచి బయటికి వచ్చే మార్గం మగవాళ్ళలో 18, 20 సెంటీమీటర్లుంటే ఆడవాళ్ళలో నాలుగే, పేగుల్లో ఉండే ఈ.కోలై (E. coli) లాంటి బ్యాక్టీరియా పైకి పాకడానికి ఆ దూరం ఎంతో కాదు. అక్కడికి చేరిన బ్యాక్టీరియాని బయటికి తోసేసేది మూత్రధారే. మీరు తక్కువ తాగి, గంటల తరబడి ఆపుకుంటే ఆ కడిగే పని రోజంతా జరగదు. ఏడాదిలో రెండుసార్లు ఇన్‌ఫెక్షన్ రావడానికి ఇది గట్టి కారణం అయ్యుంటుందని నా అభిప్రాయం. 2018లోనే వచ్చిన ఇంకో పరిశోధనలో, నీళ్ళు తక్కువ తాగే అలవాటుండి మాటిమాటికీ మూత్రాశయ ఇన్‌ఫెక్షన్ వచ్చే 140 మంది మహిళల్ని తీసుకుని, సగం మంది చేత రోజూ అదనంగా లీటరున్నర తాగించారు. ఏడాదిలో వాళ్ళకి వచ్చిన ఇన్‌ఫెక్షన్లు మిగతా సగంతో పోలిస్తే దాదాపు సగానికి తగ్గాయి. కాబట్టి నీళ్ళ వల్ల మీకు మేలుంది, అది ఐదు లీటర్లతో వచ్చే మేలు కాదు, ఇప్పుడున్నదాని మీద ఒక లీటరు, లీటరున్నర పెంచితే వచ్చే మేలు. రోజంతా కాస్త కాస్తగా తాగండి, పగటి పూట మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోయినట్టే, రంగే లేకుండా రావాలని పట్టుబట్టకండి. మూడు నాలుగు గంటలకోసారి వెళ్ళండి. ఉద్యోగంలో దీనికోసం గట్టిగా అడగాల్సి వస్తే అడగండి, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఇది శరీరానికి కావలసిన కనీస అవసరం. వెళ్ళినప్పుడు మాత్రం హడావిడిగా సగంలో లేచి రాకండి, నిదానంగా కూర్చుని కండరాలు పూర్తిగా వదులవ్వనివ్వండి.

ఈసారి మంట, మాటిమాటికీ రావడం లాంటివి మొదలైతే మిగిలిపోయిన పాత యాంటీబయాటిక్ వేసుకోకండి, ముందు యూరిన్ కల్చర్‌కి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు మొదట వచ్చే కొద్దిధారని వదిలేసి, ధార ఆపకుండానే మధ్యలో డబ్బాని అడ్డం పెట్టి పట్టుకోండి, చివరిది మళ్ళీ వదిలేయండి. మొదటి ధారలో చర్మం మీది బ్యాక్టీరియా కలిసి రిపోర్టు తప్పుదోవ పట్టిస్తుంది, ఇది చాలాచోట్ల ఎవరూ వివరంగా చెప్పరు. ఇన్‌ఫెక్షన్‌తో పాటు చలి జ్వరం, వాంతులు, ఒక పక్క పక్కటెముకల కింద నొప్పి కూడా ఉంటే అది పైకి కిడ్నీ దాకా పాకిందని అర్థం, మర్నాటికి వాయిదా వెయ్యకుండా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

ఇక నడుము నొప్పి. కిడ్నీ నొప్పి సాధారణంగా నడుము మధ్యలో రాదు, కాస్త పైన, చివరి పక్కటెముక కింద పక్కకి వస్తుంది, వంగినా లేచినా పడుకున్నా పెద్దగా మారదు. మీది రోజంతా నిలబడ్డాక సాయంత్రానికి వస్తోంది, స్కాన్ బాగుంది, కాబట్టి కండరాలదీ వెన్నెముకదీ అయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఇంకో సంగతి, కిడ్నీ నెమ్మదిగా దెబ్బతినే జబ్బుల్లో చాలావాటిలో నొప్పే ఉండదు. నడుము నొప్పి పుడితే కిడ్నీ అని పరిగెత్తేవాళ్ళు, నొప్పి లేదు కాబట్టి కిడ్నీలు బాగున్నాయని ఊరుకునేవాళ్ళు, రెండు వైపులా పొరపాటే జరుగుతోంది.

కానీ ఆ నొప్పికి మీరు వేసుకునే మాత్ర సంగతి వేరు. పేరు రాయలేదు మీరు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్ లాంటిదేదైనా అయితే వినండి. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు కిడ్నీకి వచ్చే రక్తం తగ్గకుండా, గ్లోమెరులస్‌లోకి వచ్చే నాళాన్ని వదులుగా ఉంచడానికి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవుతాయి. ఈ మాత్రలు నొప్పి తగ్గించేదే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపి. నొప్పి దగ్గరా ఆపుతాయి, కిడ్నీ దగ్గరా ఆపుతాయి. ఆరోగ్యంగా ఉండి, నీళ్ళు బాగా తాగేవాళ్ళు ఎప్పుడైనా ఒకటి వేసుకుంటే కిడ్నీ తట్టుకుంటుంది. మీరు పగలంతా నీళ్ళు తగ్గించి కిడ్నీని సరిగ్గా ఆ నాళం మీదే ఆధారపడేలా చేసి, సాయంత్రం ఆ ఆధారాన్ని తీసేస్తున్నారు, వారంలో మూడు నాలుగు రోజులు. 0.8 వచ్చింది కాబట్టి ఇప్పటిదాకా నష్టం జరిగిన గుర్తు లేదు, కానీ ఇది ఏళ్ళ తరబడి సాగకూడదు. నడుముకి ఎముకల డాక్టర్నో ఫిజియోథెరపిస్టునో కలవండి, నిలబడే తీరు, చెప్పులు, వ్యాయామం, వీటితో చాలామందికి మాత్ర అవసరమే తగ్గిపోతుంది. తప్పనిసరైతే పారాసెటమాల్ సరైన మోతాదులో కిడ్నీకి వీటికన్నా చాలా నయం, అది కూడా డాక్టర్ని అడిగి.

ఇప్పుడు అమ్మగారి 1.2. ఈ మాట నెమ్మదిగా చెప్పాలి, మీరు భయపడకూడదు, అలాగని తేలిగ్గా తీసుకోనూ కూడదు. క్రియాటినిన్ కండరాల నుంచి పుట్టే పదార్థం, కండ ఎక్కువున్న యువకుడికి 1.2 మామూలే కావచ్చు, వయసు మీరి కండ తగ్గిన మహిళలో అదే 1.2 అంటే వడపోత బాగా తగ్గిందని. అందుకే వయసూ, ఆడ మగ తేడా కలిపి వడపోత వేగాన్ని అంచనా కట్టే ఈజీఎఫ్ఆర్ అనే లెక్క ఉంది. 2021 నుంచి వాడుతున్న సూత్రంలో మీ 0.8 వేస్తే 98 వస్తుంది, హాయిగా ఉంది. అమ్మగారి వయసుతో 1.2 వేస్తే 51 వస్తుంది. 60 కన్నా తక్కువ మూడు నెలలకు పైగా అలాగే ఉంటే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు, 45 నుంచి 59 మధ్య అంటే మూడో దశ మొదటి భాగం. ‘కొంచెమే ఎక్కువ’ అనుకున్న చోట దాదాపు సగం శక్తి తగ్గి ఉండొచ్చు.

ఇంత తగ్గినా ఆవిడకి ఏమీ తెలియలేదు కదా, అదెలా అంటే, కిడ్నీల్లో ఉన్న మిగులు అంత పెద్దది. 1954 డిసెంబర్ 23న బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం కవల సోదరుల్లో ఒకరి కిడ్నీని తీసి ఇంకొకరికి పెట్టింది, విజయవంతమైన మొదటి కిడ్నీ మార్పిడి అదే. దానమిచ్చిన సోదరుడు మిగిలిన ఒక్క కిడ్నీతో ఆ తర్వాత 56 ఏళ్ళు బతికాడు. కొన్ని నెఫ్రాన్లు పోతే మిగిలినవి పెద్దవై వాటి పని కూడా నెత్తిన వేసుకుంటాయి, క్రియాటినిన్ చాలాకాలం పెద్దగా కదలదు. ఆరోగ్యవంతుడు కిడ్నీ ఇవ్వగలగడానికి ఈ మిగులే కారణం, షుగర్ ఉన్న మనిషిలో జబ్బు ఏళ్ళ తరబడి కనపడకుండా దాగడానికీ ఇదే కారణం. షుగర్‌లో మొదట దెబ్బతినేది గ్లోమెరులస్ గోడ, అక్కడ ఆగాల్సిన అల్బుమిన్ కొద్దికొద్దిగా మూత్రంలోకి జారడం మొదలవుతుంది. బాగా పెరిగాక మూత్రం పోసిన చాలాసేపటికి కూడా కరగని నురుగు కనిపిస్తుంది గానీ మొదట్లో కంటికేమీ తెలియదు. ల్యాబ్‌లో ముంచే కాగితపు పట్టీ కూడా, అల్బుమిన్ గడి పసుపు నుంచి ఆకుపచ్చకి తిరిగేంత ఉంటేనే పట్టుకుంటుంది, కొద్దిపాటిదాన్ని వదిలేస్తుంది. కాబట్టి ఆ పట్టీ పరీక్ష నార్మల్ అన్నారని ఊరుకోకండి, మూత్రంలో అల్బుమిన్ క్రియాటినిన్ నిష్పత్తి అనే పరీక్ష వేరుగా ఉంది, 30 లోపు ఉండాలి. షుగర్ ఉన్నవాళ్ళు ఇదీ ఈజీఎఫ్ఆర్ రెండూ ఏడాదికోసారైనా చేయించుకోవాలి.

అమ్మగారిని ఈ నెలలోనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్ళండి, 1.2 ఇప్పుడే వచ్చిందా, రెండేళ్ళుగా ఉందా అన్నది వాటిలోనే తేలుతుంది. అల్బుమిన్ పరీక్ష, బీపీ, హిమోగ్లోబిన్ చూడమనండి. హిమోగ్లోబిన్ ఎందుకంటే, ఎముక మజ్జ చేత ఎర్రకణాలు తయారు చేయించే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ ఎక్కువగా కిడ్నీల నుంచే వస్తుంది, అవి తగ్గితే రక్తహీనత, నీరసం వస్తాయి, వయసైపోయిందిలే అనుకుంటాం. గ్లోమెరులస్ నుంచి బయటికి పోయే నాళాన్ని వదులు చేసి లోపలి ఒత్తిడి తగ్గించే బీపీ మందులున్నాయి, గ్లూకోజ్ తిరిగి తీసుకోవడాన్ని ఆపే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మందులున్నాయి, కిడ్నీ జబ్బు వేగాన్ని తగ్గిస్తాయని ఇవి రెండూ పెద్ద పరిశోధనల్లో నిలబడ్డాయి. ఆవిడకి ఏవి సరిపోతాయో, పొటాషియం ఎంతుందో చూసి డాక్టరే నిర్ణయించాలి, ‘మా అమ్మకు ఇవి ఇవ్వొచ్చా’ అని మీరు నోరు తెరిచి అడగండి. ఆవిడ మెట్‌ఫార్మిన్ వాడుతుంటే దాని మోతాదు కూడా ఈజీఎఫ్ఆర్‌ని బట్టి చూసుకోవాలి, అలాగని మీకు మీరే ఏదీ ఆపేయకండి.

ఇంకొక్కటి అడుగుతాను. మీ పెయిన్ కిల్లర్ డబ్బాలోంచి అమ్మగారికి మోకాళ్ళ నొప్పులకని ఎప్పుడైనా ఒకటి ఇస్తున్నారా? ఇళ్ళలో ఇది మామూలుగా జరిగిపోతుంటుంది. ఆవిడ బీపీ మాత్రా, మూత్రం ఎక్కువ వచ్చే మాత్రా వాడుతూ దాని మీద ఇది కూడా వేసుకుంటే, అందులోనూ వాంతులో విరేచనాలో అయిన రోజున, కిడ్నీ ఉన్నట్టుండి ఆగిపోయే ప్రమాదం ఉంది. ఇస్తుంటే ఈ రోజు నుంచే మానేయండి, డాక్టర్‌తో ఆ సంగతి కూడా దాచకుండా చెప్పండి.